గుంపేయి యొకోయి: చేతిలో ఆట, చెవిలో పాట

తోలుబొమ్మలాట చూచినవారికి ఒక సంగతి చక్కగా తెలిసియుండును. తెరపై కదలునవి నీడలు మాత్రమే. తెర వెనుక మద్దెల మ్రోగక, తాళము పలుకక, ఆటగాని కాలి క్రింది చెక్కలు టకటకలాడక యున్నచో, ఆ నీడలు ఎంత అందమైనవైనను రాముడు రాముడు కాడు, రావణుడు రావణుడు కాడు. కంటికి కొరవడిన దానిని చెవి పూరించును. చిన్న తెరపై ఆడు ప్రతి ఆటకును ఇదియే ధర్మము.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున జపాను దేశములో ఒక ఇంజనీరు అరచేతిలో ఇముడు ఆట యంత్రములను నిర్మించి లోకమునకిచ్చెను. ఆయన పేరు గుంపేయి యొకోయి. ఆయన పేరు వినని పిల్లలు సైతము ఆయన చేసిన పనిని వ్రేళ్లతో ఎరుగుదురు. వీడియో ఆట యంత్రమును చేతబట్టిన బాలుడు ఎడమ బొటనవ్రేలితో నొక్కు, కూడిక గుర్తు వంటి ఆ మీట ఆయన కల్పనయే. ఆయన చరిత్ర ఒక యంత్ర నిర్మాత చరిత్ర మాత్రమే కాదు. చాలని వనరులతో పని చేయువాడు దేనిని వదులుకొనవలెనో, దేనిని వదులుకొనరాదో తెలుపు చరిత్ర.

యొకోయి 1941వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీన క్యోటో నగరమున జన్మించెను. క్యోటో వేయి సంవత్సరములకు పైగా జపాను చక్రవర్తులకు రాజధానియై వర్ధిల్లిన పట్టణము. పట్టునేతకును, పింగాణీకిని, సూక్ష్మమైన చేతిపనులకును పేరుపడినది. ఆ నగరములోనే 1875లో నెలకొల్పబడిన దోషిషా విశ్వవిద్యాలయమున ఆయన ఎలక్ట్రానిక్సు శాస్త్రము చదివి పట్టభద్రుడయ్యెను. 1965లో ఆ ఊరి కంపెనీ యొకదానిలోనే ఉద్యోగమున చేరెను. ఆ కంపెనీ పేరు నింటెండో.

నేడు వీడియో ఆటలనగానే స్ఫురించు ఆ పేరు, నాడు చీట్లాటకు పేరు. 1889లో ఫుసజిరో యమౌచి స్థాపించిన ఆ సంస్థ హనఫుదా అను పూలచీట్లను తయారుచేసి అమ్ముచుండెను. సంవత్సరములోని 12 నెలలకు గుర్తుగా పూలు, చెట్లు. నెలకు 4 చొప్పున మొత్తము 48 చీట్లు. ఆ చీట్లు తయారుచేయు యంత్రములు చెడిపోకుండ చూచుట యొకోయికి అప్పగింపబడిన పని. పని తక్కువ, తీరిక ఎక్కువ. తీరిక దొరికిన చేతులు ఊరకుండలేదు. కత్తెర వలె ముడుచుకొనుచు, సాగుచు నుండు పట్టీల అమరికతో ఆయన ఒక ఆటబొమ్మను చేసికొనెను. దగ్గర పిడిని నొక్కినచో అది ముందునకు సాగి దూరముననున్న వస్తువును పట్టుకొనును.

కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి కర్మాగారమును చూడవచ్చి, ఆ బొమ్మతో వినోదించుచున్న ఉద్యోగిని కనిపెట్టెను. పిదప తన గదికి పిలిపించెను. చీవాట్లు తప్పవని యొకోయి తలంచెను. అధ్యక్షుడు మాత్రము దానిని అమ్మకమునకు పనికివచ్చునట్లు చేయుమని ఆజ్ఞాపించెను. 1966లో “అల్ట్రా హ్యాండ్” అను పేరుతో వెలువడిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడుపోయెను. యంత్రములకు నూనె వేయుటకు వచ్చినవాడు బొమ్మల రూపశిల్పి అయ్యెను.

అటుపిమ్మట ఆయన చేసిన బొమ్మలలో ఒక పద్ధతి కనిపించును. సూర్యకాంతి నుండి విద్యుత్తును పుట్టించు సౌరఘటమును అందరును శక్తి నిచ్చు సాధనముగా చూచుచుండగా, ఆయన దానిని కన్నుగా చూచెను. షార్పు సంస్థ నుండి వచ్చిన మసాయుకి ఉవెమురాతో కలిసి 1970లో రూపొందించిన కాంతి తుపాకిలో గుండు లేదు. తుపాకి నుండి వెలువడు వెలుగు గురిపై నున్న సౌరఘటమును తాకినచో గురి పడిపోవును. వస్తువు పాతదే, ఉపయోగము క్రొత్తది.

ఈ పద్ధతికి ఆయన తన భాషలో ఒక పేరు పెట్టుకొనెను. వాడి ఎండిన సాంకేతిక విద్యను అడ్డముగా ఆలోచించి వాడుకొనుట యని దాని తాత్పర్యము. మన వడ్రంగులకు దీనిని వివరింపనక్కరలేదు. పచ్చికర్రతో తలుపు చేసినచో అది వానకు ఉబ్బును, ఎండకు చీలును. ఎండి పండిన కర్ర నిలుచును. అప్పుడే పుట్టిన సాంకేతిక విద్య పచ్చికర్ర వంటిది. వెల ఎక్కువ, నమ్మకము తక్కువ. పదిమందియు వాడి గుణదోషములు తెలిసికొన్నది ఎండిన కర్ర. వెల తక్కువ, గట్టితనము ఎక్కువ. దానితో ఎవ్వరును తలంపని పని చేయించుట నేర్పరి లక్షణము.

ఆయన కీర్తికి మూలమైన తలంపు రైలులో పుట్టెను. 1970 దశకము చివర జపాను అతివేగపు రైలు షింకన్‌సెన్‌లో ప్రయాణము చేయుచుండగా, ఒక ఉద్యోగి విసుగు తీరక జేబులోని లెక్కల యంత్రపు మీటలను ఊరక నొక్కుచుండుట యొకోయి కంటబడెను. పెద్దవారు నలుగురిలో సిగ్గుపడక ఆడుకొనదగిన చిన్న ఆట యంత్రమొకటి యుండిన బాగుండునని ఆయనకు తోచెను. కొన్నాళ్లకు అధ్యక్షుని కారు నడుపు డ్రైవరు జబ్బుపడగా, ఆనాడు యొకోయి కారు నడుపవలసివచ్చెను. దారిలో మాటల నడుమ ఈ తలంపును అధ్యక్షునకు విన్నవించెను. ఆ మాట వృథా పోలేదు.

లెక్కల యంత్రములు విరివిగా తయారగుటచేత వాని ద్రవస్ఫటికపు తెరలు అప్పటికి చౌకయై యుండెను. ఎండిన కర్ర సిద్ధముగా ఉండెను. 1980 ఏప్రిల్ 28వ తేదీన “గేమ్ అండ్ వాచ్” అను వరుసలో మొదటి యంత్రము “బాల్” వెలువడెను. ఒక మనిషి బంతులెగురవేయుచుండును. అవి నేలబడకుండ పట్టవలెను. ఆడనప్పుడు అది గడియారము. ఆ వరుస 1991 వరకు సాగి, ప్రపంచమంతట 4 కోట్ల 34 లక్షల యంత్రములు అమ్ముడయ్యెను.

ఆ తెరపై బొమ్మలు నిజముగా కదలవు. ఏయే చోట ఏ నీడ కనబడవలెనో ముందే అచ్చుపడి యుండును. ఒకటి ఆరి మరియొకటి వెలుగును. కదలిక యను భ్రమను పూర్తిచేయునది శబ్దము. ఆ యంత్రములలో విద్యుత్తు సోకగనే కంపించు పలుచని బిళ్ల ఒకటి యుండెను. బంతి ఒక్కొక్క మెట్టు జరిగినప్పుడెల్ల అది చిన్నగా పలుకును. ఆ పలుకుల లయను పట్టుకొన్న ఆటగానికి కంటి కంటె చెవియే ఎక్కువ తోడ్పడును. తోలుబొమ్మ కాలి క్రింది చెక్క వలెనే ఆ బిళ్లయు నీడకు ప్రాణము పోసెను.

అయితే అందు ఒక లోపము కలదు. మొదటి బాల్ యంత్రమునకు శబ్దము నాపు మీట లేదు. రైలులో విసుగు తీర్చుటకై పుట్టిన యంత్రము ప్రక్కవానికి విసుగు పుట్టించుటకు చాలియుండెను. 30 ఏండ్లకు, 2010లో, కంపెనీ తన అభిమాన సభ్యులకు కానుకగా ఆ యంత్రమును మరల తయారుచేసినప్పుడు శబ్దము నాపు మీటను చేర్చెను. నలుగురి నడుమ ఆడు ఆటలో శబ్దము కేవలము అలంకారము కాదు. అది పొరుగువానితో సంబంధించిన మర్యాద కూడ. చేతి యంత్రమునకు మంచి ధ్వని యనగా ఆడువానికి నిండుగా వినబడి, ఆడనివానికి వినబడనిది.

1981లో యువ చిత్రకారుడు షిగెరు మియమోటో రూపొందించిన “డాంకీ కాంగ్” అను ఆటకు యొకోయి మార్గదర్శి అయ్యెను. మరుసటి ఏట ఆ ఆటనే రెండు తెరల చేతి యంత్రముగా చేయవలసివచ్చెను. అంగడి యంత్రములపై నుండు పొడవాటి పిడి జేబులో ఇముడదు. అందుచే యొకోయి నాలుగు దిక్కులను ఒక్క మీటలో కలిపెను. చూడకయే వ్రేలితో దిక్కు తెలియును. ఆ కూడిక గుర్తు మీట తరువాతి ఆట యంత్రములన్నింటికిని ఒరవడి అయ్యెను.

ఆయన నడపిన పరిశోధన విభాగమున ధ్వనిని చిన్నచూపు చూచువారు లేరు. 1980లో ఆ సంస్థలో చేరిన హిరోకాజు తనాకా అను యువకుడు ఇంజనీరును, సంగీతజ్ఞుడును. యొకోయి నిర్మాతగా 1986లో వెలువడిన “మెట్రాయిడ్” అను ఆటకు తనాకా కూర్చిన సంగీతములో పాట ఏదో, గుహలోని సవ్వడి ఏదో విడదీయుట కష్టము. ఒంటరితనమును చిత్రము కంటె ధ్వనియే ఎక్కువగా అందు తెలుపును. ఇంటి టెలివిజను ముందు ఆడు ఆట యది. అట్టి అనుభవమును అరచేతిలోనికి తెచ్చుట మిగిలియుండెను.

1989 ఏప్రిల్ 21వ తేదీన జపానులో “గేమ్ బాయ్” వెలువడెను. వెల 12,500 యెనులు. ఎత్తు 148 మిల్లీమీటర్లు, వెడల్పు 90, మందము 32. తెరపై 160 చుక్కల వెడల్పున 144 చుక్కల ఎత్తున బొమ్మ. ఆకుపచ్చని మసక రంగులో నాలుగు ఛాయలు మాత్రమే. తెర వెనుక దీపము లేదు. వెలుగు చాలని చోట బొమ్మ కనబడదు. ఈ యంత్రము యొకోయి యొక్కని సృష్టి కాదు. గేమ్ అండ్ వాచ్ కంటె బలమైన యంత్రముగా, ఆటల బిళ్లలను మార్చుకొనుటకు వీలుగా నుండవలెనని పట్టుబట్టినవాడు ఆయన విభాగములోని సతోరు ఒకాడా. అందలి ధ్వని భాగము రూపొందుటలో తనాకా చేయి కలదు.

అదే ఏట అటారి కంపెనీ లింక్స్ అను యంత్రమును, 1990లో సెగా కంపెనీ గేమ్ గేర్ అను యంత్రమును తెచ్చెను. అవి రంగుల తెరలు. వెనుక దీపము గలవి. వానికి ఆరేసి బ్యాటరీలు కావలెను. కొన్ని గంటలలోనే అవి ఖాళీ అగును. గేమ్ బాయ్‌కు నాలుగు బ్యాటరీలు చాలును. వానితో పది గంటలకు పైగా ఆడవచ్చును. రంగును వదులుకొని కాలమును సంపాదించుట యొకోయి లెక్క.

ఇక్కడనే ఆయన బృందపు వివేకము పరిశీలింపదగినది. కంటి విషయమున అంత పొదుపు చూపినవారు చెవి విషయమున లోభింపలేదు. గేమ్ బాయ్‌లో నాలుగు స్వరమార్గములు కలవు. మొదటి రెండును చదరపు తరంగములు. పాటను, దానికి జోడుపాటను ఇవి పాడును. మూడవదానిలో 32 మెట్లతో, ఒక్కొక్క మెట్టునకు 16 స్థాయిలతో సంగీతకారుడు తనకు కావలసిన తరంగమును తానే గీసికొనవచ్చును. మంద్రస్థాయిలో శ్రుతి వంటి ఆధారము నిచ్చుటకు ఇది తగినది. నాలుగవది నియతి లేని రొద; దానిని తునకలు చేసినచో మద్దెల దెబ్బ యగును, సాగదీసినచో గాలిహోరు అగును. పాట, జోడుపాట, శ్రుతి, తాళము: చిన్న మేళమునకు ఇంతకంటె ఏమి కావలెను?

యంత్రపు ముఖమున నున్నది ఒక్క చిన్న స్పీకరు. దానిలో ఆ నాలుగు స్వరములును కలిసిపోయి సన్నగా వినబడును. అడుగున నున్న రంధ్రములో చెవిగొట్టములను తగిలించినచో కథ మారును. ఏ స్వరము ఎడమ చెవికి, ఏది కుడి చెవికి, ఏది రెండింటికి పోవలెనో ఆ యంత్రము విడదీసి పంపగలదు. బొమ్మకు లేని వెడల్పు ధ్వనికి కలిగెను. అమెరికాలో అమ్మిన పెట్టెలో చెవిగొట్టములను, బ్యాటరీలను, రెండు యంత్రములను కలుపు తీగను కంపెనీ తానే చేర్చి యిచ్చెను. కుడిప్రక్కన శబ్దమును హెచ్చించు, తగ్గించు చక్రము కలదు. బాల్ యంత్రములోని లోపము ఇట్లు తీరెను. రైలులోని బాలుడు తన లోకములో తానుండును. ప్రక్కనున్న వృద్ధుడు నిశ్చింతగా నిద్రించును.

అమెరికా పెట్టెలో మరియొక వస్తువు కూడ ఉండెను. మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన “టెట్రిస్” ఆట. పైనుండి పడు పలకలను సందు లేకుండ పేర్చవలెను. దానికి రంగు అక్కరలేదు, కథ అక్కరలేదు. తనాకా దానికి పందొమ్మిదవ శతాబ్దపు రష్యా జానపద గీతము “కరోబెయినికి” వరుసను, జర్మను సంగీత విద్వాంసుడు బాఖ్ రచన యొకదానిని ఆ నాలుగు స్వరములలో అమర్చెను. ఆ ఆట సుమారు మూడున్నర కోట్ల ప్రతులు చెల్లెను. రష్యా పల్లె పాటను రష్యా పేరెరుగని పిల్లలు కూనిరాగముగా తీసిరి. గేమ్ బాయ్, దాని తరువాతి రంగుల యంత్రము కలిసి 11 కోట్ల 86 లక్షలకు పైగా అమ్ముడయ్యెను. రంగుల తెరల పోటీదారులు వెనుకబడిరి.

ఆ బొమ్మ వాద్యమై పోవుట మరియొక విచిత్రము. 1998లో నానోలూప్, 2000 ప్రాంతమున లిటిల్ సౌండ్ డీజే అను సాధనములు పుట్టి, గేమ్ బాయ్‌తోనే పాటలు కూర్చుటకు వీలు కల్పించెను. ఐరోపాలోను, అమెరికాలోను, జపానులోను యువకులు దానిని వేదికపై వాయించిరి. ఉన్న తంత్రులు నాలుగే అయినను, అవి బాగుగా శ్రుతి కుదిరినవైనచో వాయించువాడు దొరకునని ఇది చాటినది.

విజయమెరిగినవాడు అపజయమును కూడ ఎరుగవలసివచ్చెను. 1995 జులై 21వ తేదీన యొకోయి రూపొందించిన “వర్చువల్ బాయ్” వెలువడెను. కండ్లను ఒక పెట్టెలో ఆనించి చూచినచో నల్లని చీకటిలో ఎర్రని బొమ్మలు లోతుగా కనబడును. అది బల్లపై నిలుపవలసినది. రైలులో ఆడుటకు కుదరదు. నలుగురు చూచుటకు వీలులేదు. కండ్లు అలయునను భయము కూడ వ్యాపించెను. ప్రపంచమంతట సుమారు 7 లక్షల 70 వేలు మాత్రమే అమ్ముడై, ఏడాది లోపుననే అది అంగళ్లనుండి తొలగెను. అంతవరకు మనిషి యున్న చోటికి ఆటను తీసికొనిపోయినవాడు, ఈసారి ఆట యున్న చోటికి మనిషిని రమ్మనెను. లోకము వెళ్లలేదు.

1996లో గేమ్ బాయ్‌ను మరింత సన్నగా చేసి “గేమ్ బాయ్ పాకెట్” అను రూపమున వెలువరించి, ఆగస్టు 15వ తేదీన ఆయన నింటెండోను విడిచెను. చేరినది మొదలు 31 సంవత్సరముల కొలువు. ఓటమిచేతనే వెడలెనని కొందరు చెప్పుకొనిరి. స్వతంత్రముగా పనిచేయవలెనను కోరిక ఆయనకు అంతకుముందే కలదు. క్యోటోలో “కోతో” అను చిన్న సంస్థను స్థాపించి, బాండాయి కంపెనీకై క్రొత్త చేతి యంత్రమును రూపొందింపసాగెను. మరల అదే నియమము: రంగు లేదు, వెల తక్కువ, బ్యాటరీ ఒక్కటే.

ఆ పని పూర్తికాకముందే విధి అడ్డుపడెను. 1997 అక్టోబరు 4వ తేదీన ఇషికావా ప్రాంతమున హొకురికు రహదారిపై ఆయన ప్రయాణించుచున్న కారు ముందున్న లారీకి తగిలెను. జరిగిన నష్టమును చూచుటకు ఆయన రహదారిపైకి దిగెను. వెనుకనుండి వచ్చిన మరియొక వాహనము ఆయనను ఢీకొనెను. యొకోయి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరములు.

ఆయన తలపెట్టిన “వండర్ స్వాన్” యంత్రము 1999 మార్చి 4వ తేదీన 4,800 యెనుల వెలకు వెలువడెను. దానితో పాటు వచ్చిన పలకల ఆట యొకదానికి ఆయన జ్ఞాపకార్థము “గుంపే” అని పేరుపెట్టిరి. ఒక్క బ్యాటరీతో దినముల తరబడి నడుచు ఆ యంత్రమునకు చెవిగొట్టముల రంధ్రము మాత్రము లేదు. దానికై వేరొక ఉపకరణమును కొనవలసియుండెను. పొదుపు చెవివరకు ప్రాకినది. ఆ ఒక్క విషయమున పాత గేమ్ బాయ్‌యే మేలనిపించును. 2003లో అంతర్జాతీయ ఆట నిర్మాతల సంఘము మరణానంతరము ఆయనకు జీవిత సాఫల్య పురస్కారమునిచ్చి గౌరవించెను.

పిల్లలకు ఆయన కథ చెప్పు ఉపాధ్యాయులు ఒక్క మాట జోడింపవలెను. మంచి ధ్వని యనగా పెద్ద ధ్వని కాదు. లోచెవిలోని సన్నని రోమకణములు ఒకమారు నశించినచో మరల మొలవవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంగీకరించిన ప్రమాణము ప్రకారము పిల్లలు వారమునకు 40 గంటలు వినుటకు 75 డెసిబెల్సు హద్దు. తక్కువ శబ్దములో కూడ ప్రతి స్వరమును విడివిడిగా వినిపింపగలిగినదే మేలైన ధ్వని సాధనము. వినబడనందున హెచ్చించుకొనుట సాధనము చేయు నేరము. వినబడినను హెచ్చించుకొనుట మనము చేయు నేరము.

విద్యార్థులకు యొకోయి జీవితము చెప్పునది మరియొకటి కలదు. అన్నియు సమకూరిన పిమ్మట పని మొదలుపెట్టెదనన్నవాడు మొదలుపెట్టడు. ఆయనకు దొరికినవి చీట్ల కర్మాగారములోని తీరిక, వెల తగ్గిన తెర, నాలుగు బ్యాటరీలు. వానిలో రంగునకు చోటు లేదు, దీపమునకు చోటు లేదు. ఆయన వానిని విడిచెను. పాటకు మాత్రము చోటుంచెను. తెర చిన్నదైన కొలదియు మద్దెల సరిగా మ్రోగవలెనని మన బొమ్మలాటవారికి తెలిసిన ధర్మము, క్యోటో ఇంజనీరునకును తెలిసియుండెను.